పన్నెండు మాటల తాళం

మా ఆవిడ మంగతాయారు పోయిన రోజునే తాటిలంకలో రూపాయి కూడా పోయింది. ఆవిడ తెల్లవారుజామున, నిద్రలో పోయింది. రూపాయి పొద్దెక్కాక మునిసిపల్ ఆఫీసు ముందు, షామియానా కింద, మైకులో పోయింది. రెంటికీ ఏ సంబంధమూ లేదు. కాకపోతే పరామర్శకు వచ్చినవాళ్ళు మా అరుగు మీద కూర్చుని ముందు ఆవిడ గురించి, తర్వాత రూపాయి గురించి బాధపడ్డారు. రెండో బాధలో కొంచెం బలం ఎక్కువ కనిపించింది. నేను తప్పు పట్టలేదు. మంగతాయారుతో వాళ్ళకి అప్పుడప్పుడు పని పడేది. రూపాయితో రోజూ పడేది.

రూపాయి స్థానంలో వచ్చినదాని పేరు ప్రగతి. అది నాణెం కాదు, నోటూ కాదు. ఫోన్లో ఉంటుందని చెప్పారు. పట్టణ పరిధిలో ఇంటిపన్ను మొదలు ఇడ్లీ దాకా ఏది కొన్నా ప్రగతితోనే కొనాలని పాలకవర్గం తీర్మానించింది. ఇలా తీర్మానించిన మొదటి పట్టణానికి పైవాళ్ళు ఒక జ్ఞాపిక ఇస్తారట. పక్క ఊరు కూడా తీర్మానించబోతోందని తెలిసి మావాళ్ళు తొందరపడ్డారు.

దీనికి నెల ముందు టౌన్ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. నేనూ మంగతాయారూ వెళ్ళాం. హైదరాబాదు నుంచి నిశాంత్ అనే కుర్ర సలహాదారు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో నీళ్ళ సీసా.

"ఈ వ్యవస్థ గొప్పతనం ఏంటంటే, ఇందులో ఎవరూ ఎవర్నీ నమ్మక్కర్లేదు," అన్నాడు.

కమిషనర్ గారు పక్క కుర్చీలోంచి వంగి మైకు అందుకున్నారు. "మా కార్యాలయంలో ఆది నుంచీ అనుసరిస్తున్న విధానం అదే. కాబట్టి మా సిబ్బందికి ప్రత్యేక శిక్షణ అవసరం ఉత్పన్నం కాదని సభాముఖంగా తెలియజేసుకుంటున్నాను."

ఇంటికొక ఖాతా. మహిళా సాధికారత దృష్ట్యా అది ఇల్లాలి పేరిటే ఉండాలి. ఖాతాలో వేయడానికి కార్డు గీస్తే చాలు. తీయడానికి మాత్రం పన్నెండు రహస్య పదాలు వరుసగా చెప్పాలి. ఆ పదాలు ఆవిడే ఎంచుకోవాలి. ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. "భర్తకి కూడా," అన్నాడు నిశాంత్. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు నవ్వారు. మంగతాయారు రెండూ చేయలేదు. ఆవిడ శ్రద్ధగా వింది.

మా ఇంట్లో గ్యాసు కట్టేశాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసే మనిషి ఆవిడే. పదాలు నమోదు చేసే కౌంటరు దగ్గర ఆవిడ తర్వాత వచ్చినవాళ్ళు ముగ్గురు పని ముగించుకుని వెళ్ళిపోయారు. ఆవిడ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. తిరిగి వస్తుంటే దారిలో అడిగాను.

"ఏం పెట్టావు?"

"చెప్పకూడదన్నారు కదండీ."

"నాక్కూడానా?"

"మీకు కూడానే అని విడిగా చెప్పారుగా. మీరు వినలేదేమో."

అంతటితో ఆ ప్రస్తావన అయిపోయింది.

దహనం జరిగిన మర్నాడు అస్థికలు ఏరి మట్టి ముంతలో పెట్టుకుని నేనూ, పురోహితులు సోమయాజులు గారూ రేవు వైపు బయల్దేరాం. శ్మశానానికీ గోదావరికీ మధ్య ఉన్నది ఒక్క గట్టు. ఆ గట్టు మీదే మునిసిపాలిటీ వారు కొత్తగా అస్థి భద్రతా కేంద్రం కట్టారు. స్టీలు బీరువా లాంటిది. నిండా అరలు, అరకో అద్దం, అద్దం కింద అంకెలు వెలిగే పెట్టె. ఆ ఉదయమే రిబ్బను కత్తిరించారు. లోపల పెట్టడానికి ఏమీ లేక కమిషనర్ గారు, ఫోటోగ్రాఫరు దిగులుగా నిలబడి ఉన్నారు. నా చేతిలో ముంత చూసి ఇద్దరి ముఖాలూ విప్పారాయి.

"మాస్టారూ, మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ ఒక చిన్న విన్నపం," అన్నారు కమిషనర్ గారు. "ఫోటో నిమిత్తం ఒక్క గంట ఇందులో ఉంచండి. తదుపరి తీసుకెళ్ళి యథావిధిగా నిమజ్జనం చేసుకోవచ్చు."

సోమయాజులు గారు వేళ్ళు మడిచి చూశారు. "మంచి ఘడియ రావడానికి ఎలాగూ గంట పడుతుందండి," అన్నారు.

ముంత లోపల పెట్టాను. కేంద్రం మనిషి పోలిరాజు మా కుటుంబ కార్డు గీశాడు. అద్దం మూత టక్కున పడింది. అందరూ చప్పట్లు కొట్టి, తర్వాత సందర్భం గుర్తొచ్చి ఆపేశారు.

గంట తర్వాత వెళ్ళి ముంత ఇమ్మన్నాను.

"రుసుము అర ప్రగతండి," అన్నాడు పోలిరాజు.

రూపాయలు తీశాను. అతను నిప్పు చూసినట్టు వెనక్కి జరిగాడు.

"వద్దండి బాబూ! అది ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుద్దండి. మీ కార్డుతోనే కట్టాలండి. ఏ కుటుంబం ఖాతాతో పెట్టారో ఆ ఖాతాతోనే తియ్యాలండి. అమ్మగారి పన్నెండు మాటలూ కొట్టండి."

"అవి అమ్మగారికే తెలుసు."

"మరి అమ్మగారిని..." అని ఆగి, అద్దం వైపు చూసి, టోపీ తీశాడు.

"పగలగొడితే?" అన్నారు సోమయాజులు గారు. ఆయన మంత్రాలు తప్ప మాట్లాడని మనిషి.

"సైరనండి. స్టేషన్లో కూడా మోగుద్దండి. నన్ను ఇంకా పర్మనెంటు చెయ్యలేదండి," అన్నాడు పోలిరాజు.

పెద్దకర్మ లోపు నిమజ్జనం కావాలి. అది ఆనవాయితీ. మంగతాయారు ఆనవాయితీలు తప్పే మనిషి కాదు. అక్కడి నుంచి నూకరత్నం టీ కొట్టుకు వెళ్ళాను.

నూకరత్నం కొట్టు బల్లలన్నీ నిండిపోయి, జనం గోడ వారగా కూడా కూర్చుని ఉన్నారు. ఊళ్ళో వ్యాపారాలన్నీ చతికిలబడితే ఇక్కడ తిరునాళ్ళలా ఉంది. టీ తాగి లేచాను.

"కూకోండి మాస్టారూ," అంది నూకరత్నం. "తాగినోళ్ళు లెగడానికి లేదు. ఆ ప్రగతి నా ఫోన్లోకి దిగాలి కదా."

"ఎంతసేపు?"

"దానికి ఆరు సాక్షులంటండి. మిషన్లే చూసి ఔనంటాయని ఆ కుర్రోడు చెప్పాడు. మిషన్లు ఔనంటే మేమెందుకని ఆఫీసులో యూనియనోళ్ళు గొడవెట్టారు. ఇప్పుడు ఆరు సెక్షన్లలో ఆరుగురు గుమాస్తాలు నొక్కాలి. నా టీకి రెవెన్యూ నొక్కింది, ఇంజనీరింగ్ నొక్కింది. శానిటేషనాయన భోజనానికెళ్ళాడు."

"ఈ లోపల వీళ్ళందరూ?"

"ఏం చేస్తారు? ఇంకో టీ తాగుతారు. దానికి మళ్ళీ ఆరుగురు." గిన్నెలో టీ పొడి వేసింది. "ఎప్పుడూ లేని బేరం. పైసా చేతికి రాలేదనుకోండి."

పక్క బల్ల మీద చేపలమ్మే ఆయన తట్టతో సహా కూర్చుని ఉన్నాడు. పొద్దున ఆయన దగ్గర కొరమీను కొన్నావిడ కూడా పక్కనే ఉంది. డబ్బు దిగేదాకా చేప ఆయన ఇవ్వడు, చేప ఇచ్చేదాకా ఆవిడ కదలదు. టౌన్ ప్లానింగ్ సెక్షను మాత్రం ఇంకా నొక్కలేదు. అది పచ్చి చేపగా కొన్నారా, నిల్వ చేపగా కొన్నారా అని వివరణ కోరింది. ఇప్పటికి రెండోదే నిజం అయింది. ఆ సంగతి తట్ట చుట్టూ కూర్చున్న అందరికీ తెలుస్తూనే ఉంది.

నేను నా సంగతి చెప్పాను. నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"మాటలు తెలీపోవడమేంటండి? కేశవనామాలు కొట్టి చూడండి."

"కేశవనామాలా?"

"పన్నెండు మాటలు వరస తప్పకుండా గుర్తుండాలన్నారు, రాసుకోకూడదన్నారు. ఏం పెడతావండి? కేశవ, నారాయణ, మాధవ, గోవింద... దామోదర దాకా పన్నెండు. నేనూ అదే. మా వీధంతా అదే. చర్చి వీధోళ్ళు ఏసు ప్రభువు శిష్యుల పేర్లు పెట్టారు. మసీదు వీధోళ్ళు మొహర్రంతో మొదలెట్టి వాళ్ళ నెలలు పెట్టారు. మీ పంతులమ్మలు చైత్రం, వైశాఖం పెట్టుకున్నారు. జాతకాల పిచ్చోళ్ళు మేషం, వృషభం." ఆగి నావైపు చూసింది. "రహస్యమని మేం ఎవరికీ చెప్పలేదులెండి. ఇప్పుడు మీకే."

బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఫోన్లు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

నా టీ అప్పు కింద రాసుకుని నూకరత్నం నన్ను మాత్రం వదిలింది. తిరిగి కేంద్రానికి వెళ్ళి కేశవనామాలు కొట్టాను. పెట్టె ఎర్రగా వెలిగింది. రోజుకు ఒక్క ప్రయత్నమేనని పోలిరాజు చెప్పాడు. మర్నాడు మాసాలు కొట్టాను. ఆ మర్నాడు రాశులు. మూత తెరుచుకోలేదు. తెరుచుకోదని నాకు ముందే తెలుసు. ఊరంతా పెట్టుకునే మాట రహస్యం ఎలా అవుతుందండీ అని ఆవిడ ఉంటే అనేది. ఆవిడ అనకపోయినా నాకు వినిపించింది.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. నిశాంత్ మర్యాదగా కుర్చీ వేశాడు.

"మాస్టారూ, పదాలు పోతే మార్చడం కుదరదు. నేనే కాదు, దీన్ని తయారుచేసినవాళ్ళు కూడా తీయలేరు. అదే దీని సెక్యూరిటీ."

కమిషనర్ గారు తల పంకించారు. "ఇది సమస్య కాదు మాస్టారూ. పరివర్తన దశలో పౌరులకు సంప్రాప్తించే అనుభవం. అయినా మానవతా దృక్పథంతో ఒక వెసులుబాటు కల్పిస్తున్నాం. ఖాతాదారు స్వయంగా కార్యాలయానికి హాజరై వేలిముద్ర వేసినచో పరిశీలించగలం."

"ఆవిడ మీ అరలోనే ఉందండి."

ఆయన హాజరు రిజిస్టరు తెరిచి చూశారు. "అట్లయితే ఆవిడ మునిసిపల్ ప్రాంగణంలో హాజరులోనే ఉన్నట్టు. వేలిముద్ర ఒక్కటే పెండింగు," అన్నారు.

నేను లేచాను. నిశాంత్ గుమ్మం దాకా వచ్చాడు. నీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

ఈలోగా టీ కొట్టు బల్లల మీద విన్నది ఊరంతా పాకింది. రాత్రికి రాత్రే నూకరత్నం వీధి సొమ్ము పక్క వీధికి, పక్క వీధి సొమ్ము ఆ పై వీధికి కదిలింది. ఇది దొంగతనమని ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరి మాటలు వాళ్ళే కొట్టారు కదా, అవే పక్కవాళ్ళ ఖాతాలనీ తెరిచాయి. తెల్లారేసరికి సోమయాజులు గారి ఇల్లాలి ఖాతాలో ఊరి సొమ్ములో మూడో వంతు తేలింది. ఆయన సంధ్యావందనం చేసుకుంటూ ఉండగా మనవడు పక్కనే కూర్చుని ఆయన అన్నది అన్నట్టు ఫోన్లో కొట్టాడట. మధ్యాహ్నానికి అది కూడా ఎటో పోయింది. అందరూ మాటలు మార్చుకోవాలని మైకులో చెప్పారు. మార్చుకున్నారు. కేశవనామాలవాళ్ళు మాసాలకీ, మాసాలవాళ్ళు రాశులకీ, రాశులవాళ్ళు కేశవనామాలకీ మారారు.

సాయంత్రం ప్రకటన వెలువడింది. మా బడి గోడకు కూడా అంటించారు.

'ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఆర్థిక భద్రత దృష్ట్యా కేశవాది నామములు, చైత్రాది మాసములు, మేషాది రాశులు మరియు ఏ మతమునకు చెందిన ఏ పన్నెండు పదములనైనను బహిరంగ ప్రదేశములందు వరుస క్రమములో ఉచ్చరించుట నిషేధము. అతిక్రమించినవారు శిక్షార్హులు.'

ఆ వారం నేను ఆరో తరగతికి తెలుగు నెలలు చెప్పాలి. పాఠం ఆపడానికి వీల్లేదు, పరీక్షలో వస్తుంది. అందుకని ఆషాఢంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మాఘానికి దూకి, చైత్రానికి వెనక్కి వచ్చాను. పిల్లలు శ్రద్ధగా వల్లించారు. భాద్రపదం తర్వాత ఏమొస్తుందని అడిగితే వెనక బెంచీ పిల్ల లేచి, "పోలీసులండి," అంది. మార్కులు వేశాను.

పెద్దకర్మ వచ్చింది. అస్థికలు ఇంకా అరలోనే ఉన్నాయి. సోమయాజులు గారు పంచాంగం తిప్పి, కర్మ ఆపకూడదు, నిమజ్జనం తర్వాతైనా తప్పదు అన్నారు. రేవులో కూర్చున్నాం. మా వెనక ఒక కానిస్టేబులు నిలబడ్డాడు. ఆర్థిక భద్రతా విధుల మీద పంపారట.

"ఆచమనం చెయ్యండి," అని సోమయాజులు గారు మొదలుపెట్టారు. "కేశవాయ స్వాహా. నారాయణాయ స్వాహా..."

"అయ్యగారూ, ఆగండాగండి," అన్నాడు కానిస్టేబులు. "వరసలో రెండయ్యాయండి. మూడోది దాటించి చెప్పండి."

"మాధవుణ్ణి ఎక్కడికి దాటించమంటావు నాయనా?"

"చివర్లో కలుపుకోండి. నా డ్యూటీ అదండి. తర్వాత మీ ఇష్టం."

"మా తాతగారి కాలం నుంచీ..."

"తాతగారి కాలంలో ప్రగతి లేదు కదండీ."

మాధవుడు చివర్లో వచ్చాడు. మధ్యలో దామోదరుడు రెండుసార్లు వచ్చాడు. సోమయాజులు గారు కళ్ళు మూసుకుని, ఇదంతా ఎవరికి చెందాలో వారికే చెందుతుందని నీళ్ళు వదిలారు. గట్టు మీద అద్దం ఎండకు మెరుస్తోంది. లోపల ముంత కనిపిస్తూనే ఉంది. గట్టు దిగితే నీళ్ళు.

"గునపం తేనా మాస్టారూ?" అంది నూకరత్నం. ఆవిడ పొద్దున్నే కొట్టు మూసి వచ్చింది. టీ తాగినవాళ్ళని కొట్లోనే ఉంచి తాళం వేసింది. "నేను పొడుస్తా. నన్నే పట్టుకుపోమనండి. మంగమ్మగారు నా పిల్లకి చదువు చెప్పినావిడ."

నేను పోలిరాజు వైపు చూశాను. అతను మా ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసి, అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. 

"వద్దు రత్నం," అన్నాను. "అతని ఉద్యోగం పోతుంది."

"మరి మీ ఆవిడ?"

నేను రేవు మెట్లు ఎక్కాను.

మరి కొద్ది రోజులకి రాజధాని నుంచి భద్రతా తనిఖీ బృందం దిగింది. జ్ఞాపిక ఇవ్వాలంటే ముందు వ్యవస్థ అభేద్యమో కాదో తేల్చాలట. వాళ్ళు టౌన్ హాల్లో కూర్చుని, రోజుకొక్క ప్రయత్నమన్న నిబంధన తమకి సడలించుకుని, ఊళ్ళో ఉన్న ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా తెరవడానికి ప్రయత్నించారు. కాఫీ వేళకి మూడు వీధులు తెరుచుకున్నాయి. భోజనాల వేళకి ఊరంతా తెరుచుకుంది. కమిషనర్ గారి సతీమణి ఖాతా మీనం నుంచి వెనక్కి కొట్టిన రాశులతో తెరుచుకుంది. ఒక్కటి మాత్రం తెరుచుకోలేదు. సాయంత్రం దాకా, పెద్ద యంత్రాలు పెట్టి, ఇంకో ఊరి నుంచి ఇద్దరిని పిలిపించుకుని కూడా తెరవలేకపోయారు.

"ఎవరిదయ్యా ఇది?" అన్నారట బృందం అధ్యక్షులు, గౌరవంగా.

మంగతాయారుది.

నివేదిక ఇలా వచ్చింది: 'సూచనలను సక్రమంగా పాటించిన ప్రతి సందర్భంలోనూ వ్యవస్థ నూటికి నూరు శాతం అభేద్యమని నిర్ధారణ అయినది.' సందర్భం ఒక్కటే కాబట్టి లెక్క సరిపోయింది. జ్ఞాపిక వచ్చింది.

దాని తర్వాత వారంలో పాలకవర్గం అత్యవసర సమావేశం జరిపింది. ఊళ్ళో సొమ్ము ఎవరిదెవరిదో తేలక, చేపలు కుళ్ళి, ఆరుగురు గుమాస్తాలకీ బొటనవేళ్ళు వాచి, అందరూ ఒక మెట్టు దిగారు. రూపాయిని కూడా ఒక రకమైన ప్రగతిగా పరిగణించవచ్చునని తీర్మానించి, పాత పద్ధతి తెరిచారు. నూకరత్నం కొట్టులో ఇరుక్కున్నవాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. తెరుచుకున్న ఖాతాలన్నీ రద్దయ్యాయి.

మంగతాయారు ఖాతా రద్దు కాలేదు.

సన్మానం భద్రతా కేంద్రం ముందే చేశారు. శాలువా ఎవరికి కప్పాలో తేలక కొంత చర్చ జరిగింది. చివరికి బీరువా మీద కప్పారు. అద్దం కప్పబడిపోతోందని ఫోటోగ్రాఫరు అంటే శాలువా కొంచెం పైకి జరిపారు. కమిషనర్ గారు మాట్లాడారు.

"స్వర్గీయ మంగతాయారు గారు పౌరధర్మానికి నిలువెత్తు నిదర్శనం. ఆమె రహస్యాన్ని తనతో తీసుకెళ్ళి మన పట్టణ ప్రతిష్ఠను కాపాడారు. ఆమె గౌరవార్థం ఈ ఒక్క ఖాతాకూ, ఈ ఒక్క అరకూ యావత్ వ్యవస్థనూ నిరంతరాయంగా నడపాలని నిర్ణయించాం."

జనం వెళ్ళాక నేను ఆయన్ని ఆపాను.

"ఇంక ఊళ్ళో ప్రగతి లేదు కదండీ. తాళం తీయించండి. నేను కలుపుకుంటాను."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. మొదటిసారి మైకు లేని గొంతుతో మాట్లాడారు. "మాస్టారూ, నా మాట వినండి. దాన్ని మేం తెరిచామనుకోండి, తెరుచుకునేదే అని ఒప్పుకున్నట్టు. జ్ఞాపిక వెనక్కిచ్చెయ్యాలి. ఏడాదికి మళ్ళీ తనిఖీ ఉంది. అది కూడా అవనివ్వండి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతిది ఆ ఏడాదికి ఉంటుంది."

నిశాంత్ హైదరాబాదు వెళ్ళిపోయే ముందు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "నేను నేర్పినట్టు చేసింది ఊళ్ళో ఆవిడ ఒక్కరే మాస్టారూ," అన్నాడు. తర్వాత, "సారీ," అన్నాడు. అతని వయసుకి అది చాలా ఎక్కువ మాట.

బడి వదిలాక రోజూ రేవుకు వెళ్తాను. ఇప్పుడు అక్కడ పోలిరాజుతో పాటు ఒక కాపలా మనిషి కూడా ఉన్నాడు. పోలిరాజుని పర్మనెంటు చేశారు. నాకోసం స్టూలు వేస్తాడు. నేను ఆవిడ వాడిన మాటల్లోంచి పన్నెండు తీసుకుని కొడతాను. మొన్న వంటింటి మాటలు కొట్టాను. నిన్న ఆవిడకి ఇష్టమైన పూలు. ఇవాళ, నన్ను ఏదైనా వద్దని చెప్పడానికి ఆవిడ వాడే మాటలు. పన్నెండు దాటి ఇంకా మిగిలాయి. పెట్టె ఎర్రగా వెలిగింది. పోలిరాజు తల దించుకున్నాడు. ఆరు సెక్షన్లకీ ఆ సంగతి వెళ్ళింది.

మంగతాయారు అస్థికలు గోదావరిలో కలపడం ఇంకా జరగలేదు.